ఒట్టుతో మానని గాయం

* లెక్కలకు అందని స్వీయహింస
* మందలింపులతో ముదురుతున్న వేదన
* చట్టం మారినా మారని చూపు
* సుప్రీంకోర్టు మార్గదర్శకాల అమలే కీలకం

రాజమహేంద్రవరం: గోదావరికి వరద వస్తే ధవళేశ్వరం కాటన్ బ్యారేజీ వద్ద నీటిమట్టం గంటగంటకూ నమోదవుతుంది. 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది జారీ చేస్తారు. లంక గ్రామాలకు కబురు వెళుతుంది. ఏటిగట్లపై కాపలా మొదలవుతుంది. మనిషి మనసులో పొంగే వరదకు మాత్రం ఇటువంటి కొలబద్ద లేదు. ఆ పొంగును భరించలేక తమ శరీరాన్ని తామే గాయపరచుకునేవారు, అందులోనూ పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలు, ఏ ఊళ్లో ఎందరున్నారో ఏ కార్యాలయంలోనూ లెక్క దొరకదు. గాయం బయటపడిన రోజున ఇంట్లో ముందుగా జరిగేది మందలింపు. ఆ తర్వాత అమ్మ తలపైనో, దేవుడి పటంపైనో ఒట్టు. ఇక సమస్య తీరిపోయిందని పెద్దలు ఊపిరి పీల్చుకుంటారు. బాధితులకు అసలు పోరాటం ఆనాడే మొదలవుతుంది.

ప్రాణం పోతేనే లెక్క

దేశంలో బలవన్మరణాల వివరాలను జాతీయ నేర రికార్డుల బ్యూరో ప్రకటిస్తుంది. ఆ సంస్థ నివేదిక ప్రకారం 2022లో దేశవ్యాప్తంగా 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. లక్ష జనాభాకు 12.4 మంది చొప్పున అన్నమాట. పోలీసు స్టేషన్లలో నమోదైన మరణాల ఆధారంగా తయారయ్యే ఈ పట్టికల్లో ప్రాణం మీదికి రాని గాయాలకు చోటు లేదు. ఊళ్లో ఆర్‌ఎంపీ వద్ద కట్టు కట్టించుకున్నవి, ఇంట్లోనే పసుపు అద్ది దాచినవి, జారిపడ్డానని చెప్పి దాటవేసినవి ఏ దస్త్రంలోకీ ఎక్కవు.

వివిధ దేశాల్లో జరిగిన అధ్యయనాలను క్రోడీకరించి 2014లో ప్రచురించిన ఒక సమీక్ష ప్రకారం కౌమార వయస్కుల్లో సుమారు 17 శాతం మంది జీవితంలో ఒక్కసారైనా, చనిపోవాలన్న ఉద్దేశం లేకుండా, తమను తాము గాయపరచుకున్నారు. యువతలో ఇది 13 శాతం, పెద్దల్లో 5.5 శాతం. ఈ నిష్పత్తిని మన జిల్లాలకు యథాతథంగా ఆపాదించడం సరికాదు. అయితే అందులో సగం వర్తించినా అరవై మంది కూర్చునే ఇంటర్ తరగతి గదిలో అయిదుగురు ఉంటారన్నది ఆలోచించవలసిన విషయం. వీరిలో ఆడపిల్లలే ఉంటారనుకోవడమూ పొరపాటే. మగపిల్లల గాయాలు కోపం కింద, కొట్లాట కింద, తాగుడు కింద జమ అవుతుంటాయి.

చావు కోరిక వేరు.. ఇది వేరు

స్వీయహింసను చూడగానే చుట్టుపక్కల వారు రెండు తీర్పుల్లో ఏదో ఒకటి ఇచ్చేస్తారు. ఒకటి, చావబోయాడని. రెండోది, నలుగురి దృష్టిలో పడడానికి నాటకమాడుతోందని. మానసిక వైద్యశాస్త్రం ఈ రెంటినీ అంగీకరించదు. మాటల్లో పెట్టలేని దుఃఖం, కోపం, అవమానం, ఏమీ తోచని మొద్దుబారినతనం మనసును కమ్మినప్పుడు శరీరానికి కలిగే నొప్పి కొద్దిసేపు ఉపశమనం ఇస్తుందని, తనను తాను శిక్షించుకోవాలన్న భావనా ఇందులో ఉంటుందని నిపుణులు వివరిస్తున్నారు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో వెలువరించిన వ్యాధి నిర్ధారణ గ్రంథం అయిదో కూర్పులో, ఆత్మహత్య ఉద్దేశం లేని స్వీయ గాయాన్ని మరింత అధ్యయనం అవసరమైన ప్రత్యేక స్థితిగా పేర్కొంది.

నాటకమన్న మాట ఎంత తప్పో ఒక్క సంగతితో తేలిపోతుంది. అత్యధికులు గాయాన్ని దాచడానికే ప్రయత్నిస్తారు. నలుగురూ చూడాలని కోరుకునేవారు అంత కష్టపడి దాచుకోరు. అదే సమయంలో దీన్ని తేలికగా తీసుకోవడమూ ప్రమాదకరం. తనను తాను గాయపరచుకున్న చరిత్ర ఉన్నవారిలో ఆ తరువాతి కాలంలో ఆత్మహత్య ముప్పు ఎక్కువని అధ్యయనాలు స్పష్టం చేస్తున్నాయి. కాబట్టి ప్రతి గాయాన్నీ గంభీరంగానే పరిగణించాలి. గంభీరంగా తీసుకోవడానికీ గగ్గోలు పెట్టడానికీ తేడా ఉంది.

ఒట్టు ఎందుకు నిలవదు?

మన ఇళ్లలో ఒట్టుకు విలువ ఎక్కువ. మాట తప్పితే అమ్మకు ఏమవుతుందోనన్న భయం పిల్లల్లో ఉంటుంది. ఆ భయమే ఇక్కడ ఎదురుతిరుగుతోంది. గాయపరచుకోవాలన్న తీవ్రమైన ప్రేరణ మళ్లీ వచ్చిన రోజున బాధితుల ముందు రెండు భారాలు నిలుస్తాయి. మొదటిది పాత వేదన. రెండోది ఒట్టు. ఒకవేళ నిగ్రహం తప్పితే ఆ పిల్లకు లేదా పిల్లవాడికి తన మీద తనకే అసహ్యం రెట్టింపవుతుంది. చెబితే అమ్మ తల్లడిల్లుతుంది, నాన్న చేయి చేసుకుంటాడు. అందుచేత ఈసారి గాయం మరింత రహస్యమవుతుంది. వేదన, గాయం, క్షణికమైన ఊరట, సిగ్గు, దాపరికం, మళ్లీ వేదన... ఇలా తిరిగే చక్రానికి ఒట్టు మరో ఆకుగా మారుతుంది తప్ప దాన్ని ఆపదు.

మానడానికి మనసులో సంకల్పం లేక కాదు. నొప్పి ద్వారా ఊరట పొందడం అలవాటైన మనసుకు అంతే త్వరగా ఊరటనిచ్చే మరో దారి తెలియకపోవడం అసలు చిక్కు. ఆ దారి చూపకుండా ఉన్న దారి మూసేయడాన్ని చికిత్స అనలేం. ఎన్నో నెలలు ఆగిన తర్వాత ఒకసారి జారితే మొత్తం పోయినట్టు భావించడం కూడా ఈ ఒట్టు మనస్తత్వమే. నూరు రోజులు ఆగి నూట ఒకటో రోజున తడబడిన మనిషి ఆ నూరు రోజులనూ పోగొట్టుకోలేదు. ఆ నూరు రోజులు ఎలా గడిచాయో, నూట ఒకటో రోజున ఏమైందో తెలుసుకోవడమే తర్వాతి మెట్టుకు ఆధారం.

వరద నేర్పే పాఠం

డెల్టా వాసులకు వరద స్వభావం కొత్త కాదు. 1986 నాటి వరదను చూసినవారు ఇంకా మన మధ్య ఉన్నారు. ఎంతటి వరదైనా పెరిగి, నిలిచి, తగ్గుతుంది. గట్టు తెగకుండా ఆ కొన్ని గంటలు కాచుకోవడమే మనుషులు చేయగలిగిన పని. తమను తాము గాయపరచుకోవాలన్న ప్రేరణ కూడా ఇదే తీరున ఉంటుంది. అది శాశ్వతంగా ఒకే ఉద్ధృతిలో ఉండదు. పెరుగుతుంది, పతాక స్థాయికి చేరుతుంది, క్రమంగా తగ్గుముఖం పడుతుంది. ఆ వ్యవధిని దాటించే సాధనాలను ముందే సిద్ధం చేసుకోవడాన్ని వైద్యులు భద్రతా ప్రణాళిక అంటారు. అది ప్రశాంతంగా ఉన్న రోజున కాగితంపై రాసుకోవలసినది. వరద వచ్చాక ఇసుక బస్తాలు వెతికితే దొరకవు.

ఈ ప్రణాళికను మూడు హెచ్చరికలుగా అర్థం చేసుకోవచ్చు. నిద్ర పట్టకపోవడం, అన్నం సహించకపోవడం, ఎవరితోనూ మాట్లాడాలనిపించకపోవడం వంటి తొలి సూచనలు కనిపించగానే తనంత తాను చేయదగినవి చేయాలి. చన్నీళ్లతో ముఖం కడుక్కోవడం, వేగంగా నడిచి రావడం, మనసులో ఉన్నది కాగితంపై రాయడం, గది విడిచి నలుగురు ఉన్న చోటికి రావడం ఇందులోకి వస్తాయి. ఉద్ధృతి పెరిగితే ముందే అనుకున్న ఒక మనిషికి కబురు చేయాలి. ఆ మనిషి అమ్మే కానక్కర్లేదు. పిన్ని, మేనమామ, స్నేహితురాలు, నమ్మకమున్న మాస్టారు ఎవరైనా కావచ్చు. ఇంట్లో మాత్రలు, పురుగుమందుల వంటి హాని చేసే వస్తువులను తాళం వేసి ఉంచడం కుటుంబం వంతు. అప్పటికీ అదుపు తప్పుతోందనిపించినా, చనిపోవాలన్న తలంపు వచ్చినా ఒంటరిగా ఉండకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ప్రాణాపాయమైతే 108కి ఫోన్ చేయాలి.

బయటపడినవారే సాక్ష్యం

ఈ సమస్యకు నేడు ప్రపంచమంతటా వినియోగిస్తున్న ప్రధాన చికిత్సా విధానాల్లో ఒకటైన డయలెక్టికల్ బిహేవియర్ థెరపీని రూపొందించినది అమెరికాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త మార్షా లైన్హన్. ఆమె 1961లో, 17 ఏళ్ల వయసులో, ఇదే సమస్యతో ఆసుపత్రి పాలయ్యారు. రెండేళ్లకు పైగా అక్కడే గడిపారు. కోలుకుని చదువుకుని తనలాంటి వారి కోసం ఈ విధానాన్ని తీర్చిదిద్ది, దాని ఫలితాలను 1991లో ప్రచురించారు. తానూ ఒకనాటి బాధితురాలినేనని 2011లో, అదే ఆసుపత్రిలో, బహిరంగంగా ప్రకటించడం విశేషం. మనిషిని ఉన్నవారిని ఉన్నట్టు స్వీకరించడం, మారడానికి అవసరమైన నేర్పులను నేర్పడం, ఈ రెండూ ఏకకాలంలో జరగాలన్నది ఆమె విధానానికి మూలసూత్రం. మన ఇళ్లలో రెండోదాన్ని డిమాండ్ చేస్తారు. మొదటిదాన్ని మరచిపోతారు.

మరో ఊరటనిచ్చే అంశం కూడా ఉంది. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో 1992 నుంచి 2008 వరకు సుమారు 1,800 మంది విద్యార్థులను పరిశీలించిన అధ్యయనం 2012లో లాన్సెట్ పత్రికలో వెలువడింది. కౌమారంలో తమను తాము గాయపరచుకున్నవారిలో పదింట తొమ్మిది మంది యౌవనంలో ఆ అలవాటు నుంచి బయటపడినట్టు అందులో తేలింది. అయితే కౌమారంలో కుంగుబాటు, ఆందోళన లక్షణాలు ఉన్నవారికి ఆ తర్వాతా ముప్పు ఎక్కువని, వాటికి చికిత్స అందించడం అవసరమని ఆ అధ్యయనం గుర్తుచేసింది. ‘ఇక దీని బతుకింతే’ అన్న నిట్టూర్పుకు ఆధారం లేదు. అలాగని ‘వయసు పెరిగితే అదే పోతుంది’ అన్న ఉదాసీనత కూడా తగదు.

నేరం నుంచి చికిత్సకు

ఆసుపత్రికి తీసుకెళితే పోలీసు కేసవుతుందన్న భయం పల్లెల్లో ఇప్పటికీ బలంగా ఉంది. దీనికి చారిత్రక కారణం ఉంది. 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 309 సెక్షన్ ఆత్మహత్యాయత్నాన్ని ఏడాది వరకు సాధారణ జైలు శిక్షకు అర్హమైన నేరంగా పేర్కొంది. ఆ సెక్షన్‌ను రద్దు చేయాలని లా కమిషన్ 1971లోనే సూచించింది. సుప్రీంకోర్టు 1994లో దాన్ని కొట్టివేసినా, 1996లో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తిరిగి నిలబెట్టింది. 2008లో లా కమిషన్ మరోమారు రద్దుకు సిఫార్సు చేసింది.

2018 మే 29న అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం–2017 ఈ పరిస్థితిని మార్చింది. ఆత్మహత్యకు యత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలని, విచారించి శిక్షించరాదని 115వ సెక్షన్ నిర్దేశించింది. అంతటితో ఆగకుండా, అటువంటి వారికి సంరక్షణ, చికిత్స, పునరావాసం కల్పించి పునరావృతం కాకుండా చూడడం ప్రభుత్వ బాధ్యత అని స్పష్టం చేసింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309 సెక్షన్ లేదు. అధికారి విధులను అడ్డుకోవడానికి చేసే ఆత్మహత్యాయత్నం మాత్రమే 226వ సెక్షన్ కింద నేరంగా మిగిలింది. చావు ఉద్దేశం లేని స్వీయ గాయానికి ఈ నిబంధనలతో సంబంధమే లేదు. రోగి వివరాల గోప్యత సైతం 2017 చట్టం కల్పించిన హక్కు. ఈ సమాచారం ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గోడల మీద ఉండవలసినది.

విద్యాసంస్థల బాధ్యత ఎంత?

ఉమ్మడి రాష్ట్రంలో కార్పొరేట్ కళాశాలల విద్యార్థుల ఒత్తిడిపై 2001లో నీరదారెడ్డి కమిటీ, విభజన తర్వాత 2017లో చక్రపాణి కమిటీ అధ్యయనం చేశాయి. 2023లో విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న 17 ఏళ్ల విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న ఇచ్చిన తీర్పు ఈ విషయాన్ని మరో మెట్టు ఎక్కించింది. మానసిక ఆరోగ్యం జీవించే హక్కులో అంతర్భాగమని చెబుతూ, చట్టం వచ్చేవరకు అన్ని విద్యాసంస్థలూ పాటించవలసిన 15 మార్గదర్శకాలను జారీ చేసింది.

నూరు మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థా శిక్షణ పొందిన కౌన్సెలర్‌ను, మనస్తత్వ నిపుణుడిని లేదా సామాజిక కార్యకర్తను నియమించాలి. మార్కుల ఆధారంగా సెక్షన్లు విడదీయడం, పిల్లలను బహిరంగంగా అవమానించడం మానాలి. బోధన, బోధనేతర సిబ్బందికి ఏటా రెండుసార్లయినా శిక్షణ ఇవ్వాలి. స్వీయహింసకు ఎలా స్పందించాలన్నది ఆ శిక్షణలో భాగం. సహాయ ఫోన్ నంబర్లను హాస్టళ్లలో, తరగతి గదుల్లో కనిపించేలా ప్రదర్శించాలి. ఎందరికి తోడ్పాటు అందింది, ఎందరిని వైద్యుల వద్దకు పంపారు అన్న వివరాలను పేర్లు బయటపెట్టకుండా నమోదు చేయాలి. జిల్లా స్థాయిలో కలెక్టర్ అధ్యక్షతన పర్యవేక్షణ కమిటీ ఏర్పాటు కావాలి.

2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్వ్యవస్థీకరణతో గోదావరి డెల్టా తూర్పుగోదావరి, కాకినాడ, కోనసీమ, పశ్చిమగోదావరి, ఏలూరు జిల్లాల పరిధిలోకి వచ్చింది. అంటే అయిదుగురు కలెక్టర్లు, అయిదు కమిటీలు. కమిటీ ఎన్నిసార్లు సమావేశమైంది, ఎన్ని హాస్టళ్లను తనిఖీ చేసింది, ఎన్ని కళాశాలల్లో కౌన్సెలర్ ఉన్నారు అన్న ప్రశ్నలను తల్లిదండ్రులు అడగవచ్చు, అడగాలి. లెక్కే లేని సమస్యకు తొలి లెక్క ఇక్కడి నుంచే మొదలు కావాలి. హాస్టల్‌లో గాయం కనిపించగానే టీసీ చేతిలో పెట్టి ఇంటికి పంపేయడం సంస్థ పేరును కాపాడవచ్చు గానీ పిల్లవాడిని కాపాడదు. అది చూసిన మిగతా పిల్లలు నోరు విప్పరు.

వైద్యం ఎంత దూరం?

2023–24 ఆర్థిక సర్వే ప్రకారం దేశంలో లక్ష జనాభాకు ఉన్న మానసిక వైద్యులు 0.75 మంది మాత్రమే. అవసరమైన ప్రమాణం ముగ్గురు. ఈ ప్రాంత వాసులకు మానసిక ఆసుపత్రి అనగానే గుర్తుకొచ్చేది విశాఖపట్నంలో 1871 నుంచి ఉన్న ప్రభుత్వ ఆసుపత్రి. అక్కడికి వెళ్లడమంటే పిచ్చి ముద్ర వేయించుకోవడమేనన్న అపోహ వల్ల అనేకులు బయలుదేరనే బయలుదేరరు. నిజానికి అంత దూరం వెళ్లవలసిన అవసరం అందరికీ ఉండదు. కాకినాడలో రంగరాయ వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉంది. రాజమహేంద్రవరం, ఏలూరులలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. ఇంటి నుంచి కదలలేనివారికి కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవ ఉంది. 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

కోనసీమ, పశ్చిమగోదావరి గ్రామాల నుంచి అనేకమంది తల్లులు ఇంటి పనులకు కువైట్, ఒమన్ వంటి గల్ఫ్ దేశాలకు వెళుతుంటారు. పిల్లలు అమ్మమ్మ దగ్గరో నాయనమ్మ దగ్గరో పెరుగుతారు. వలస వల్లనే ఈ సమస్య వస్తుందనడం అన్యాయం. అయితే అటువంటి ఇళ్లలో గాయాన్ని ముందుగా చూసేది పెద్దామే. ఆమెకు తెలిసిన ఆరోగ్య వ్యవస్థ ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం. వీరికి ఈ విషయంలో శిక్షణ ఇవ్వడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు.

పరువు కన్నా ప్రాణం మిన్న

బయటికి తెలిస్తే సంబంధాలు రావన్న భయం, ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో, చికిత్సకు పెద్ద అడ్డంకి. ఇదే రాజమహేంద్రవరంలో 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించిన నాడు కూడా పరువు పేరిట ఊరు ఎదురు నిలిచింది. ఇంటి గోడల మధ్య అణగిపోవలసినదని అందరూ అనుకున్న దుఃఖాన్ని ఆయన నలుగురిలోకి తెచ్చారు. ఆ వారసత్వం ఉన్న ఊరికి పిల్లల మనోవేదన గురించి మాట్లాడడం అసాధ్యం కాకూడదు.

ఇంట్లోవారు చేయవలసినది కష్టమైనదే గానీ తెలియనిది కాదు. ముందు గాయానికి వైద్యం చేయించాలి. ‘ఎందుకు చేశావు, మాకేం తక్కువ చేశాం’ అన్న నిలదీతను పక్కన పెట్టాలి. ‘నీ మీద కోపం లేదు నాన్నా. చెప్పగలిగినప్పుడే చెప్పు. నేనిక్కడే ఉంటాను’ అన్న ఒక్క మాట తలుపు తెరుస్తుంది. చనిపోవాలనిపిస్తోందా అని నెమ్మదిగా, సూటిగా అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదని నిపుణులు చెబుతున్నారు. రోజూ ఒంటి మీద సోదా చేయడం, బంధువుల ముందు ప్రస్తావించడం, చెల్లెలితోనో అన్నయ్యతోనో పోల్చడం మానాలి. పది రోజులకు ఒకసారి ‘ఇంకా ఉందా’ అని అడిగే బదులు ‘ఈ వారం ఎలా గడిచింది’ అని అడగడం మేలు. చూసుకునే తల్లిదండ్రులకూ అలసట ఉంటుంది. 14416కు వారు కూడా ఫోన్ చేయవచ్చు.

కేంద్రం 2022 నవంబరులో ప్రకటించిన జాతీయ ఆత్మహత్యల నివారణ వ్యూహం 2030 నాటికి ఆత్మహత్య మరణాలను 10 శాతం తగ్గించాలని లక్ష్యం పెట్టుకుంది. ప్రాణం పోకముందే కనిపించే గాయం దగ్గర ఆగి చూడకుండా ఆ లక్ష్యం చేరడం సాధ్యం కాదు. ప్రతి కళాశాలలో కౌన్సెలర్, ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందలించకుండా కట్టు కట్టే చేయి, ప్రతి హాస్టల్ గోడ మీద ఫోన్ నంబరు, అయిదు జిల్లాల్లో క్రమం తప్పకుండా సమావేశమయ్యే కమిటీలు తక్షణ అవసరాలు. వీటి కోసం అధికారులను నిలదీయడం సమాజం పని. ఇంట్లో ఒట్టు వేయించుకోకుండా తోడుగా కూర్చోవడం కుటుంబం పని. గట్టు మీద కాపలా ఉన్నవారు నదిని తిట్టరు. నీరు తగ్గేవరకు అక్కడే ఉంటారు.